‘మోసగాళ్ళకు మోసగాడు’: తొలి తెలుగు కౌబాయ్ చిత్రంలో నిధి, నేల, చరిత్ర

వ్యాససంగ్రహం

1971లో విడుదలైన ‘మోసగాళ్ళకు మోసగాడు’ తెలుగులో తొలి కౌబాయ్ చిత్రంగా ప్రసిద్ధం. హాలీవుడ్, ఇటాలియన్ వెస్టర్న్ చిత్రాల ప్రభావంతో రూపొందిన ఈ చిత్రానికి రచయిత ఆరుద్ర దేశీయమైన చారిత్రక భూమికను కల్పించారు. ఆంగ్లేయుల పాలన, సంస్థానం, దాచిన నిధి ఆ భూమికలోని ప్రధానాంశాలు. చిత్రీకరణకు మాత్రం రాజస్థాన్ ఎడారిని ఎంచుకున్నారు. ఆ ఎంపిక చిత్రానికి ఏమి సమకూర్చిందో, ఏమి దూరం చేసిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇందుకు 1846లో కోయిలకుంట్ల, గిద్దలూరు ప్రాంతాల్లో జరిగిన పాలెగాళ్ల తిరుగుబాటును పోలికగా తీసుకుంటుంది.

కీలకపదాలు: కౌబాయ్ చిత్రం, ఆరుద్ర, పద్మాలయా, పాలెగాళ్లు, నల్లమల, గిద్దలూరు, అనువర్తనం.

1. ఉపోద్ఘాతం

తెలుగు సినిమా చరిత్రల్లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ ప్రస్తావన సాధారణంగా రెండు మాటలతో ముగుస్తుంది: అది తొలి కౌబాయ్ చిత్రం, అది కృష్ణ సాహసం. రెండూ నిజమే. కాని ఒక విదేశీ ప్రక్రియ తెలుగులోకి వచ్చినప్పుడు ఏవి వెంట వచ్చాయి, ఏవి ఇక్కడివి చేరాయి, ఇక్కడివే అయినా ఏవి బయట ఉండిపోయాయి అన్న ప్రశ్నలకు ఆ రెండు మాటలు సమాధానం చెప్పవు.

వెస్టర్న్ ప్రధానంగా నేలను ఆశ్రయించిన ప్రక్రియ. పౌరాణిక చిత్రం స్టూడియోలో వేసిన స్వర్గలోకంతో సరిపెట్టుకోగలదు. సాంఘిక చిత్రం నాలుగు గోడల మధ్య నడవగలదు. వెస్టర్న్‌కు మాత్రం కొండ, మైదానం, దుమ్ము, దూరం కావాలి. నేల అందులో కథకు నేపథ్యంగా మిగలక కథను నడిపించే పాత్ర అవుతుంది. కాబట్టి తెలుగు వెస్టర్న్‌ను అంచనా వేయాలంటే అది ఏ నేలను చూపింది అన్నదే మొదటి ప్రశ్న కావాలి. ఈ ప్రశ్నను నల్లమల అంచున ఉన్న గిద్దలూరు వైపు నుంచి వేస్తే చిత్రం బలం, లోపం రెండూ స్పష్టపడతాయి.

2. మద్రాసుకు చేరిన ప్రక్రియ

అనుకరణ అన్న మాటతో తెలుగు కౌబాయ్ చిత్రాన్ని తేలికగా కొట్టివేసేవారు ఆ ప్రక్రియ వచ్చిన దారిని గమనించాలి. జపాన్‌లో అకిరా కురొసావా తీసిన ‘యొజింబో’ 1961లో వచ్చింది. దాని కథను ఇటలీకి చెందిన సెర్జియో లియోనె 1964లో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’గా మలిచాడు. అనుమతి లేకుండా కథను వాడుకున్నందుకు వివాదం తలెత్తి, చివరికి పరిష్కారమైంది. తరువాత లియోనె ‘ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్’ (1965), ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ’ (1966) తీశాడు. జపాన్ సమురాయ్ ఇటాలియన్ దర్శకుడి చేతిలో అమెరికన్ తుపాకివీరుడైన క్రమం ఇది. ఆ వీరుడు మద్రాసుకు రావడం ఈ వరుసలో మరొక మజిలీ.

లియోనె చిత్రాల్లో కనిపించే అమెరికా నేల అమెరికాది కాదు. వాటి ఆరుబయలు దృశ్యాల్లో అధికభాగం స్పెయిన్‌లో తీశారు. అల్మెరియా ప్రాంతపు ఎండు కొండలు నైరుతి అమెరికాగా చెలామణి అయ్యాయి. ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ’లో పతాక సన్నివేశం జరిగే శ్మశానాన్ని బుర్గోస్ ప్రాంతంలో స్పెయిన్ సైనికుల సాయంతో నిర్మించారు. అంతర్యుద్ధ సన్నివేశంలో పేల్చివేయవలసిన వంతెన కెమెరాలు సిద్ధంకాకముందే పొరపాటున పేలిపోవడంతో దాన్ని మళ్ళీ కట్టవలసి వచ్చింది. ఒక దేశపు కథను మరొక దేశపు నేలమీద తీయడం ఈ ప్రక్రియకు కొత్త కాదని దీనివల్ల తేలుతుంది. అందుచేత తెలుగు కథను రాజస్థాన్‌లో తీయడమే దోషమని అనడానికి వీల్లేదు. ఆ మార్పు కథకు ఏ అర్థాన్ని ఇచ్చిందన్నదే విచారించవలసిన విషయం.

తెలుగు చిత్రంపై ప్రభావం చూపినవాటిలో జె. లీ థాంప్సన్ దర్శకత్వంలో వచ్చిన ‘మెకన్నాస్ గోల్డ్’ (1969) కూడా ముఖ్యమైనది. భారతదేశంలో ఆ చిత్రానికి విశేషమైన ఆదరణ లభించింది. లియోనె చిత్రాల నుంచి మోసగాళ్ల మధ్య పోటీ, ‘మెకన్నాస్ గోల్డ్’ నుంచి నిధి వేట తెలుగు చిత్రానికి అందాయి.

3. చిత్ర నిర్మాణం

కృష్ణకు ఇది తొలి ప్రయోగం కాదు. ‘తేనెమనసులు’ (1965)తో కథానాయకుడైన ఆయన, మరుసటి ఏడాదే ‘గూఢచారి 116’తో జేమ్స్ బాండ్ తరహా కథను తెలుగు ప్రేక్షకులకు పరిచయం చేశారు. విదేశీ ప్రక్రియను తెలుగు ప్రేక్షకుడు ఆదరిస్తాడన్న నమ్మకానికి అక్కడే పునాది పడింది. సొంత సంస్థ పద్మాలయా నిర్మించిన తొలి చిత్రం ‘అగ్నిపరీక్ష’ (1970) ఆశించిన ఫలితాన్ని ఇవ్వలేదు. ఆ తరువాత జి. ఆదిశేషగిరిరావు నిర్మాతగా కౌబాయ్ చిత్రానికి పూనుకోవడం సురక్షితమైన మార్గం కాదు. సంస్థ భవిష్యత్తునే పణంగా పెట్టిన నిర్ణయమది.

దర్శకుడు కె.యస్.ఆర్. దాస్ అంతకుముందు విజయలలిత నాయికగా ‘రౌడీరాణి’ (1970) తీసి, పోరాట ప్రధానమైన చిత్రాన్ని వేగంగా నడపగల దర్శకుడిగా గుర్తింపు పొందారు. ఛాయాగ్రహణం వి.యస్.ఆర్. స్వామి, సంగీతం పి. ఆదినారాయణరావు నిర్వహించారు. ‘అనార్కలి’, ‘సువర్ణసుందరి’ వంటి చిత్రాల్లో శాస్త్రీయ రాగాల మాధుర్యాన్ని పంచిన ఆదినారాయణరావును గుర్రాలు, తుపాకుల చిత్రానికి ఎంచుకోవడం గమనించదగినది. విజయనిర్మల కథానాయిక. నాగభూషణం నక్కజిత్తుల నాగన్నగా నటించారు. చిత్రం 1971 ఆగస్టు 27న విడుదలై ఘనవిజయం సాధించింది. తరువాత తమిళం, హిందీ, ఇంగ్లీషు భాషల్లోకి అనువాదమైంది.

నిర్మాణపరంగా చిత్రబృందం తీసుకున్న అతిపెద్ద నిర్ణయం మద్రాసు స్టూడియోలను విడిచి రాజస్థాన్‌కు వెళ్ళడం. బికనీర్ పరిసరాల్లో, థార్ ఎడారిలో ప్రధానమైన ఆరుబయలు దృశ్యాలను చిత్రీకరించారు. తెలుగు చిత్రాల్లో అధికభాగం స్టూడియో అంతస్తుల్లోనే తయారవుతున్న కాలమది. నటీనటులు, సాంకేతిక నిపుణులు, సామగ్రి అంత దూరం తరలివెళ్ళడం, ఎండలో, ఇసుకలో గుర్రాలతో పనిచేయడం అప్పటి నిర్మాణ పద్ధతులకు పరీక్షే. తెరపై కనిపించే దుమ్ము, వెలుతురు, నీడ ఆ శ్రమకు సాక్ష్యాలు.

తెర కొలతను కూడా ఇక్కడ ప్రస్తావించాలి. లియోనె తన చిత్రాలకు టెక్నిస్కోప్ పద్ధతిని వాడాడు. తక్కువ ఫిల్ముతో వెడల్పైన చట్రాన్ని ఇచ్చే పద్ధతి అది. ఒక అంచున మనిషి ముఖం, మరొక అంచు దాకా మైదానం ఒకే చట్రంలో ఇమిడే వీలు దానివల్ల కలిగింది. తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చింది 1974లో. అంటే ‘మోసగాళ్ళకు మోసగాడు’ నాటికి తెలుగు ఛాయాగ్రాహకుడికి అంత వెడల్పైన తెర అందుబాటులోకి రాలేదు. మామూలు తెరమీద దూరాన్ని చూపాలంటే ఆకాశానికి, ఇసుకకు చట్రంలో ఎక్కువ చోటివ్వాలి, మనిషిని చిన్నదిగా చూపాలి. ఎడారి అందుకు అనువైన నేల. పద్మాలయా సంస్థే నిర్మించిన ‘అల్లూరి సీతారామరాజు’కు స్వామే ఛాయాగ్రాహకుడు కావడంతో, అక్కడి అడవి, వెడల్పు తెరలకు ఎడారిలో పొందిన ఈ అనుభవం పూర్వరంగమైందని భావించవచ్చు.

4. ఆరుద్ర చేసిన మార్పు

కథ, సంభాషణల బాధ్యత ఆరుద్రకు అప్పగించడం ఈ చిత్ర నిర్మాణంలో అన్నిటికన్నా ఫలవంతమైన నిర్ణయం. ‘త్వమేవాహం’ కర్త, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన పరిశోధకుడు కౌబాయ్ చిత్రానికి రచయిత కావడం పైకి వింతగా కనిపిస్తుంది. కాని ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’లో కవులను రాజవంశాల, పాలకుల కాలాలతో ముడిపెట్టి చూసిన దృష్టే ఇక్కడా పనిచేసింది. ఏ కథకైనా దాని కాలం, దాని పాలకులు ఎవరని అడగడం ఆయనకు అలవాటు.

‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ’లో ముగ్గురు వెదికేది శ్మశానంలో పాతిపెట్టిన రెండు లక్షల డాలర్ల బంగారం. అమెరికా అంతర్యుద్ధంలో ఓడిపోతున్న దక్షిణ రాష్ట్రాల పక్షానికి చెందిన సొమ్ము అది. యుద్ధం చుట్టూ జరుగుతున్నా వేటగాళ్లకు దానితో నిమిత్తం లేదు. చేజిక్కించుకున్నవాడిదే సొమ్ము. లియోనె హాస్యం, నిర్లిప్తత రెండూ ఆ ఉదాసీనత నుంచి పుట్టాయి.

ఆరుద్ర ఈ సూత్రాన్ని యథాతథంగా స్వీకరించలేదు. తెలుగు చిత్రంలో నిధి అమరవీడు సంస్థానానిది. ఎదుటి పక్షాన ఆంగ్లేయులున్నారు. దీంతో నిధికి చరిత్ర, యజమాని, నైతికమైన బరువు ఏర్పడ్డాయి. అమెరికన్ కథలో ఎవరిదీ కాని సొమ్ము తెలుగు కథలో పరాయివాళ్ల పాలు కాకూడని సొమ్మయింది. చిత్రం పేరులోని తర్కం కూడా ఇదే. మోసగాళ్లను మోసగించేవాడిని మోసగాడిగా పరిగణించనవసరం లేదన్న ధర్మం ఆ పేరులో ఇమిడి ఉంది. లియోనె నాయకుడికి అవసరం లేని ఈ సమర్థన తెలుగు నాయకుడికి అవసరమైంది. తెలుగు ప్రేక్షకుడు నాయకుడిలో ధర్మాన్ని కోరుతాడన్న వాణిజ్యపరమైన అంచనా ఇందులో ఉండవచ్చు. అయినా ఫలితం అంతకంటే విస్తృతమైనది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లు నిండని కాలంలో, వినోదాన్ని లక్షించిన చిత్రంలోకి వలసపాలన స్మృతి ఈ విధంగా ప్రవేశించింది.

నక్కజిత్తుల నాగన్న పాత్ర ఈ మార్పుకు మరొక ఉదాహరణ. లియోనె చిత్రంలో ఎలీ వాలక్ ధరించిన టూకో పాత్రకు ఇది తెలుగు రూపం. పిరికితనం, దురాశ, చమత్కారం, ఆపదలో తెలివి కలగలిసిన ఆ స్వభావాన్ని నాగభూషణం తెలుగు రంగస్థల వాచికంతో పోషించారు. పేరు చివర ‘అన్న’, ముందు బిరుదువంటి విశేషణం చేరడంతో పాత్ర ఊళ్లో తెలిసిన మనిషిలా మారిపోయింది. వేషం పరాయిదైనా వాచికం మనదే.

5. ఎడారి ఇచ్చినది, తీసుకున్నది

కథలో ఇంత దేశీయతను నింపిన చిత్రం దృశ్యంలో మాత్రం తెలుగునేలను వదిలింది. దీనికి కళాపరమైన కారణం ఉంది. తుపాకి ద్వంద్వయుద్ధానికి ఖాళీ స్థలం కావాలి. దూరాన చుక్కలా కనిపించిన రౌతు దగ్గరయ్యేదాకా ప్రేక్షకుడు ఉత్కంఠతో ఎదురుచూడాలి. ఎడారిలో దాక్కునేందుకు చోటు లేదు కనుక ఎదురుపడక తప్పదు. ఈ దృశ్యవ్యాకరణాన్ని అందిపుచ్చుకోవడంలో స్వామి కెమెరా, దాస్ వేగం రెండూ సఫలమయ్యాయి. ప్రేక్షకుడికి అంతవరకు చూడని నేల కనిపించింది. ఆ కొత్తదనమే విజయానికి ప్రధాన కారణాల్లో ఒకటి.

అయితే ఎడారి నేలతోపాటు ఒక భావననూ తెచ్చింది. ఎడారిలో ఊళ్లు పలచన. సాగు, చెరువు, పన్ను, ఇనాం వంటివి అక్కడ కంటికి కనిపించవు. అటువంటి నేలమీద నిలబడిన మనిషి ఒంటరి. అతడికి కులం, కుటుంబం, గ్రామం, కౌలు ఏవీ చట్రంలో కనిపించవు. నిధి సంస్థానానిదని సంభాషణ చెబుతున్నా, ఆ సంపదను సృష్టించిన ప్రజలు దృశ్యంలో లేరు. ఆరుద్ర కథకు ఇచ్చిన చరిత్రను ఎడారి దృశ్యం కొంతమేర తిరిగి తీసుకుంది. చిత్రంలోని అసలైన వైరుధ్యం ఇదే.

6. గిద్దలూరు, 1846

ఈ వైరుధ్యం తీవ్రత తెలియాలంటే, ఖజానా, కంపెనీ సైన్యం, పరారీలో ఉన్న వీరుడు, అతడి తలకు వెల వంటి వెస్టర్న్ సామగ్రి అంతా తెలుగునేలమీద నిజంగా కలిసిన సందర్భాన్ని చూడాలి.

నొస్సం పాలెగాళ్ల వంశానికి చెందిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కంపెనీ ఇచ్చిన భరణం నెలకు 11 రూపాయల పైచిలుకు. వంశానికి రావలసిన భరణాలు ఆగిపోవడం, గ్రామరక్షకులైన కట్టుబడుల ఇనాం భూములను ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం కలిసి 1846లో తిరుగుబాటుగా మారాయి. ఆ ఏడాది జూలైలో ఆయన అనుచరులు కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశారు. అక్కడ దొరికిన సొమ్ము 800 పైచిలుకు రూపాయలు. తరువాత ఆయన నల్లమల వైపు కదిలారు. అదే నెలలో గిద్దలూరు వద్ద కంపెనీ బలగాలతో పోరు జరిగింది. కంపెనీ ఆయన తలకు వెల ప్రకటించింది. చివరకు అక్టోబరులో పట్టుబడిన ఆయనను 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు.

ఇక్కడి నేలకు, ఎడారికి పోలిక లేదు. గిద్దలూరు పడమట నల్లమల, తూర్పున వెలికొండలు. మధ్యలో సగిలేరు పరీవాహకపు మెట్టభూములు. కొద్ది దూరంలో గుండ్లకమ్మపై విజయనగర కాలం నాటి కంభం చెరువు. ఈ నేలమీద పోరాటం ద్వంద్వయుద్ధంగా సాగదు. కనుమల్లో కాచి కొట్టడం, అడవిలో మాయమవడం, ఊరిచ్చిన అన్నంతో నిలబడడం ఇక్కడి పద్ధతి. ఎడారిలో కనిపించడం వీరత్వమైతే, నల్లమలలో కనిపించకపోవడమే వీరత్వం.

రెండో భేదం మరింత కీలకమైనది. నరసింహారెడ్డి ఒంటరి రౌతు కాదు. ఆయన వెంట కట్టుబడులు, బోయలు, చెంచులు ఉన్నారు. వారిలో అనేకులకు పోయినది నిధి కాదు, సేవకు ప్రతిఫలంగా తరతరాలుగా అనుభవించిన భూమి. కోయిలకుంట్ల ఖజానాలోని సొమ్ము రైతులు కట్టిన శిస్తు. అంటే చరిత్రలోని ‘నిధి’ మొత్తం చిన్నదే, కాని దాని వెనుక జనసమూహం ఉంది. సినిమాలోని నిధి అపారమైనది, దాని వెనుక జనం లేరు. పాలెగాడి కథ వెస్టర్న్‌గా మారినప్పుడు అసలైన నష్టం ఇక్కడే జరుగుతుంది. భూమికోసం జరిగిన సామూహిక ఘర్షణ బంగారంకోసం జరిగే వ్యక్తుల పోటీగా కుదించుకుపోతుంది.

మౌఖిక సాహిత్యం ఈ జనాన్ని మరచిపోలేదు. రేనాటి సీమలో నరసింహారెడ్డిపై వీరగాథలు ప్రచారంలో ఉన్నాయి. తంగిరాల వెంకట సుబ్బారావు వంటి పరిశోధకులు వాటిని అధ్యయనం చేశారు. ఊరి మధ్య నిలబడి పాడే గాథలో పేర్లు, ఊళ్లు, వాగులు వరసగా వస్తాయి. వినేవారికి అవి తెలిసిన స్థలాలు. కౌబాయ్ చిత్రానికి సాధ్యంకాని స్థలస్పృహ గాథకు సహజంగా అబ్బింది.

మరొక సంగతి. కడప జిల్లాలో ఉండిన కోయిలకుంట్ల, కంభం ప్రాంతాలు 1858లో కర్నూలు జిల్లాలో చేరాయి. గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు 1970 ఫిబ్రవరి 2న కర్నూలును విడిచి కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిశాయి. అదే 1972లో ప్రకాశం జిల్లా అయింది. అంటే తెరపైకి పాలెగాళ్ల కాలపు నిధికథ వచ్చిన రోజులకే, ఆ చరిత్రలో భాగమైన గిద్దలూరు రాయలసీమ పటం నుంచి తప్పుకొని కోస్తా జిల్లాగా లెక్కలోకి వచ్చింది. సీమ చరిత్రలో చోటు పలచబడి, కోస్తా చరిత్రలో ఇమడక, ఈ ప్రాంతం రెంటికీ అంచున మిగిలింది. స్థానిక చరిత్ర సినిమాకు ముడిసరుకు కావాలంటే ముందు అది అక్షరరూపంలో అందుబాటులో ఉండాలి. చిత్రబృందాలు నల్లమలను చూడకపోవడంలో ఈ కొరతకూ పాత్ర ఉంది.

7. తరువాతి చిత్రాలు

దక్కను నేల వెస్టర్న్‌కు పనికిరాదన్న వాదన నిలవదు. ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చిన నాలుగేళ్లకు, 1975లో, రమేష్ సిప్పీ ‘షోలే’ను బెంగళూరు సమీపంలోని రామనగర రాతిగుట్టల్లో తీశాడు. హిందీ చిత్రం దక్షిణాది రాళ్లను వెదుక్కుంటూ రాగా, అంతకుముందే తెలుగు చిత్రం ఉత్తరాది ఇసుకను వెదుక్కుంటూ వెళ్ళింది. ‘షోలే’లో ఒక గ్రామం ఉంది. దొంగల దాడికి భయపడే రైతులు, దుకాణదారు, మసీదు పెద్ద ఉన్నారు. నాయకులు బయటివారైనా పోరాటం ఊరికోసం. ఆ చిత్రానికి దక్కిన దీర్ఘాయువుకు గుట్టల నడుమ నిలిచిన ఆ ఊరు ఒక కారణం.

తెలుగులో ‘కొదమసింహం’ (1990), ‘టక్కరి దొంగ’ (2002) కౌబాయ్ వేషాన్ని కొనసాగించాయి. వాటిలో వేషం, వేగం నిలిచినా, ఆరుద్ర అద్దిన చారిత్రక స్పృహ కొనసాగలేదు. మరోవైపు నరసింహారెడ్డి జీవితమే ‘సైరా నరసింహారెడ్డి’గా 2019 అక్టోబరు 2న వచ్చింది. అందులో జనసమూహం ఉంది, తిరుగుబాటు ఉంది. కాని యుద్ధ సన్నివేశాల్లో ముఖ్యమైన భాగాన్ని జార్జియా దేశంలో చిత్రీకరించారు. కల్పిత నిధికథకు థార్ ఎడారి, యథార్థ వీరుడికి కాకసస్ పర్వతసీమ నేలలయ్యాయి. దాదాపు అర్ధశతాబ్ది ఎడంలో వచ్చిన ఈ రెండు చిత్రాల్లోనూ నల్లమల చోటు ఇతర నేలలకు దక్కింది. అనుమతులు, వసతులు, ఖర్చు వంటి నిర్మాణ కారణాలు ఇందుకు ఉండవచ్చు. కారణమేదైనా తెరమీద మిగిలే ఫలితం ఒక్కటే.

8. ముగింపు

కృష్ణ మరణానంతరం వచ్చిన తొలి జయంతి నాడు, 2023 మే 31న, ‘మోసగాళ్ళకు మోసగాడు’ 4కె రూపంలో మళ్ళీ విడుదలైంది. యాభై ఏళ్లు దాటిన చిత్రం కొత్త ప్రేక్షకులను థియేటర్లకు రప్పించడం దాని సాంకేతిక సాహసానికి దక్కిన గౌరవం. ఆ గౌరవం న్యాయమైనదే. మద్రాసు స్టూడియో గోడలను దాటి కెమెరాను ఆరుబయటికి తీసుకువెళ్ళిన ధైర్యం, విదేశీ కథలోకి వలసపాలన స్మృతిని ప్రవేశపెట్టిన రచయిత వివేకం ఈ చిత్రాన్ని మామూలు అనుకరణల నుంచి వేరుచేస్తాయి.

చిత్రంలోని లోపం కూడా ఆ విజయంలోనే ఉంది. ఆరుద్ర నిధికి యజమానిని చూపగలిగారు. ఎడారి ఆ యజమాని వెనుకనున్న ప్రజలను చూపలేకపోయింది. అనువర్తనం కథలో పూర్తయి, నేల దగ్గర ఆగిపోయింది. తెలుగు చలనచిత్ర విమర్శ ఇకమీద కథామూలాలను, తారల సాహసాలను పరిశీలించినట్టే చిత్రీకరణ స్థలాన్ని కూడా ఒక పాఠంగా చదవవలసి ఉంది. పశ్చిమ ప్రకాశంలోని కైఫీయతులు, వీరగాథలు, తాలూకా దస్తావేజులపై జరిగే పరిశోధన అందుకు ఆధారమవుతుంది. గిద్దలూరు కనుమల్లో కట్టుబడులు పోరాడినది ఏ నేలకోసమో, ఆ నేల తెలుగు తెరపై ఇంకా తన వంతు కోసం ఎదురుచూస్తూనే ఉంది.